రెండు మంచాల గది, 26 వేల తేడా

జనగామ దగ్గరి ఒక పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల అమ్మాయి రాసిన పొడుగాటి ఉత్తరం ఇది. ఊరు, కాలేజీ పేర్లు తీసేసి, స్నేహితురాలి పేరు మార్చి, సారాంశం ఇస్తున్నాను.

ఇంటర్ బైపీసీ అయిపోయి, దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాలు) హైదరాబాద్‌లోని ఒక మహిళా కళాశాలలో బీఎస్సీ సీటు వచ్చింది. కాలేజీ ఆవరణలోనే హాస్టల్ ఉంది. దాని ఫారంలో ఏ గది కావాలో మూడు ఎంపికలు వరుసగా రాయాలి. ఎవరితో కలిసి ఉండాలనుకుంటున్నారో ఆ పేరు రాసే గడి కూడా ఉంది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు రాస్తే ఒకే గదిలో వేస్తారు. పాత బ్లాకులో నలుగురుండే గదికి మెస్‌తో కలిపి ఏడాదికి 52 వేలు. కొత్త బ్లాకు పై అంతస్తులో ఇద్దరుండే, అటాచ్డ్ బాత్రూం ఉన్న గదికి 78 వేలు. వీళ్ల బాపు రెండున్నర ఎకరాల్లో పత్తి వేస్తాడు, అమ్మ మిషన్ కుడుతుంది, తమ్ముడు పదో తరగతి. 52 వేలకే కిందామీదా పడుతున్నారు.

ఇంటర్ రెండేళ్లూ హనుమకొండలో ఒకే హాస్టల్ గదిలో ఉన్న లతకు కూడా అదే కాలేజీలో సీటు వచ్చింది. ఇద్దరుండే గదే తీసుకుందామని లత పట్టుబట్టింది. 'మా బాపుకు అంత కుదరదు' అని ఈ అమ్మాయి చెప్పింది. వారం తిరగకుండానే లత వాళ్ల నాన్న ఇంటికి ఫోన్ చేసి, తేడా 26 వేలు తను కడతానన్నాడు. ఆయనది మండల కేంద్రంలో ఎరువులు, పురుగుల మందుల దుకాణం. బాపు ఏటా అక్కడే ఉద్దెర తెస్తాడు. లత వాళ్లమ్మ అయితే 'మా పిల్లను నీ చేతులల్ల పెడుతున్న బిడ్డా' అంది.

ఇదంతా చూసి అమ్మ మూడో దారి తీసింది. హాస్టల్ అంటే ర్యాగింగ్ అని ఆమెకు భయం. హయత్‌నగర్‌లో చిన్నమ్మ ఇల్లుంది, బస్సు ఫ్రీ, అక్కడే ఉండి చదువుకో అంటోంది. ఉత్తరం చివర ఈ అమ్మాయి ఇలా రాసింది: 'ఆ గది నాకు నచ్చింది. లతతోని ఉండుడే నచ్చుత లేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆమెనే దవాఖానల నా పక్కన పండుకుంది. ఫారంల ఆమె పేరు రాయకుండ ఊకుని, వార్డెన్ మేడమే వేరే రూము ఇచ్చింది అని చెప్తే తప్పా?'

సమాధానం

అమ్మాయీ, తప్పా అని అడిగావు కాబట్టి ఆ చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. తప్పొప్పుల సంగతి అటుంచు, అది ఒక పూట కూడా నిలబడని అబద్ధం. గదుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టగానే లత నేరుగా వార్డెన్ గదికి వెళ్తుంది. నువ్వు రాసినదాన్ని బట్టి ఆమె ఊరుకునే మనిషి కాదు. 'మేమిద్దరం ఒకరి పేరు ఒకరు రాసుకున్నాం మేడం' అంటుంది. మేడం ఫైలు తీసి నీ ఫారం చూపిస్తుంది. చేరిన మొదటి వారంలోనే, ఇంకా ఎవరూ పరిచయం కాకముందే, ఆ వరండాలో నువ్వు అబద్ధాలకోరువి అవుతావు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. వార్డెన్లు మంచివాళ్లు. పిల్ల ఏడిస్తే 'సరేలే, కలిపి వేస్తా' అనేస్తారు.

ఇక అసలు ముడి. డబ్బు కుదరదని లతకు నువ్వు చెప్పింది నిజమే. కానీ అది సగం నిజం. డబ్బు కారణం చెబితే జవాబు కూడా డబ్బు రూపంలోనే వస్తుంది. ఆమె ఇంటికి పోయి వాళ్ల నాన్నను అడిగింది, ఆయన సరే అన్నాడు. ఆమె లెక్కలో నీ ముందున్న అడ్డు తీసేసింది. ఇప్పుడు నువ్వింకా నీళ్లు నములుతుంటే 'ఇంత చేసినా దీనికేమైంది' అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. రెండో సగం బయటపెట్టేదాకా నీకు ఇలాంటి సాయాలు వస్తూనే ఉంటాయి. ఒక్కోదాన్నీ కాదనడానికి ఇంకో సాకు వెతుక్కోవాలి.

ఆ రెండో సగం ఏమిటో నీ ఉత్తరంలో ముక్కలు ముక్కలుగా ఉంది. ఆమె ల్యాబ్ రికార్డులు నువ్వే రాసిపెట్టేదానివి. రాత్రి పన్నెండు దాకా ఆమె ముచ్చట్లు. మీ ఇంటి నుంచి ఫోనొస్తే ఆమే ఎత్తి మాట్లాడేది. లెక్చరర్లకు నీ పేరు తెలియదు, 'లతతో ఉండే అమ్మాయి' అనేవాళ్లు. వీటిలో ఏదీ పోట్లాడేంత పెద్దది కాదు, అందుకే నోరు విప్పలేకపోయావు. పోట్లాట జరిగి ఉంటే నీ పని సులువయ్యేది. మంచి మనిషి దగ్గర నుంచి కొంచెం పక్కకు జరగాలంటే కారణం దొరకదు. టైఫాయిడ్ రోజుల్లో ఆమె చేసింది చిన్న సాయం కాదు. దానికి బదులు నీ జీవితంలో ఎన్నో రకాలుగా తీర్చుకోవచ్చు. మూడేళ్లు ఒకే గదిలో ఉండటం ఒక్కటే దారి అని ఎవరు చెప్పారు?

వాళ్లమ్మ అన్న మాట కూడా ఒకసారి మళ్లీ విను. 'నీ చేతులల్ల పెడుతున్న.' ప్రేమతోనే అంది, అనుమానం లేదు. అయినా ఆ 26 వేలు ఎందుకు ఇస్తున్నారో ఆ మాటలోనే ఉంది. వాళ్ల పిల్లను లేపి, తినిపించి, చదివించే మనిషి పక్క మంచం మీద కావాలి. రేపు లత ఒక సబ్జెక్టు తప్పినా, ఔట్‌పాస్ లేకుండా సినిమాకు వెళ్లి దొరికినా, మొదటి ఫోను నీకే వస్తుంది.

డబ్బు సంగతి ఇంకొంచెం లోతుగా చూడాలి, ఎందుకంటే దీన్ని నువ్వు రెండే ముక్కల్లో దాటేశావు. ఇది మృగశిర దాటిన కాలం. సీట్లు, ఫారాలు, ఫీజులు అని నువ్వు తిరుగుతున్న ఈ రోజుల్లోనే బాపు పత్తి విత్తనాల ప్యాకెట్ల కోసం, డీఏపీ బస్తాల కోసం ఆ దుకాణం ముందు నిలబడతాడు. మొదటి తీత అక్టోబరు, నవంబరులో గానీ రాదు. అప్పటిదాకా ఉద్దెర పుస్తకంలో ఆయన పేరు మీద అంకె పెరుగుతూనే ఉంటుంది. ఆ పుస్తకం పక్కన నీ గది తేడా కూడా చేరితే, పత్తి అమ్మే రోజున బాపు నోరు పెగలదు. ధర బాగుంటే సీసీఐ (ప్రభుత్వ పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రానికి తోలుకుపోదామని ఉన్నా, 'మా పిల్లకు అంత చేసిండు, ఆయన చెప్పిన వ్యాపారికే పోద్దాం' అనుకుంటాడు. ఆయన అడగకపోవచ్చు. అడగకుండానే జరిగిపోయే పనులివి. క్వింటాలుకు ఒకటి రెండు వందలు అటూ ఇటూ అయినా ఆ 26 వేల సాయం మీ ఇంటికి ఎంతకు పడిందో ఎవరూ లెక్క కట్టరు.

ఇంకో పక్కా ఉంది. నువ్వు వద్దంటే ఆ దుకాణంలో బాపుకు ఉద్దెర బిగుసుకుంటుందా? కావచ్చు, కాకపోవచ్చు. ఆ మనిషి ఎలాంటివాడో నీకంటే బాపుకు బాగా తెలుసు. ఇంతకీ బాపును ఎవరైనా అడిగారా? ఫోన్ వచ్చింది, అమ్మ భయపడింది, నువ్వు కుమిలిపోయావు. ఆయన ఏమన్నాడో ఉత్తరంలో ఒక్క మాట లేదు. ఫారం నింపే ముందు చేయాల్సిన మొదటి పని, రాత్రి అన్నం తిన్నాక ఆయన దగ్గర కూర్చోవడం. లత గురించి చెప్పడం ఇబ్బందిగా ఉంటే చెప్పకు. 'వాళ్ల పైసలు తీసుకునుడు నాకు ఇష్టం లేదు, నువ్వేమంటవ్' అని అడిగితే చాలు. ఆయనకు కూడా ఇష్టం లేకపోతే ఆ ముక్క దుకాణదారుకు పెద్దవాళ్ల మాటగా, మర్యాదగా, ఆయనే చెప్పుకుంటాడు. నీ నెత్తిన సగం బరువు దిగుతుంది.

ఇక నీ ముందున్న దారులు. లతతో రెండు మంచాల గది తీసుకోకూడదని నేను అనను. అన్నీ ఆలోచించి అదే కావాలనుకుంటే తీసుకో, కానీ బాపుకు తెలిసి, అప్పుగా, దుకాణం ఖాతాతో కలపకుండా, ఎప్పుడు తీరుస్తారో చెప్పి తీసుకో. ఒక్క ఏడాదికే అని లతకు ముందే చెప్పు. చాలా హాస్టళ్లలో ఏటా గదులు మళ్లీ కేటాయిస్తారు. మీ దగ్గరా అంతేనా అని ఆఫీసులో కనుక్కో. ఇలా చేస్తే లత సంతోషిస్తుంది, మీ ఇంటి మీద మాట రాదు, నీకు రెండేళ్లు ఎలా గడిచాయో మూడో ఏడూ అలాగే గడుస్తుంది. అది నీకు భరించదగ్గదేనా అన్నది నువ్వే తూచుకోవాలి.

ఆ గది గొప్పగా కనిపిస్తోంది గనుక రెండు ముక్కలు చెబుతాను. పై అంతస్తు అన్నావు. జూన్‌లో చల్లగాలికి చూసి వచ్చావు కాబట్టి నచ్చింది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో స్లాబు కింద గది రాత్రి పదింటికి కూడా పొయ్యిలా ఉంటుంది, సరిగ్గా సెమిస్టర్ పరీక్షల వేళకు. నెత్తి మీదే నీళ్ల ట్యాంకు ఉంటే మధ్యాహ్నం కుళాయి తిప్పితే మరిగిన నీళ్లు వస్తాయి. అటాచ్డ్ బాత్రూం అంటే దాన్ని కడిగే పని కూడా గదికే అటాచ్ అయి ఉంటుంది. మీ ఇద్దరిలో కడిగేది ఎవరో నాకంటే నీకే బాగా తెలుసు.

పాత బ్లాకు నలుగురి గదిలో కష్టాలు వేరు. పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా బాత్రూంల దగ్గర బకెట్ల వరుస. ఒకరికి లైటు కావాలి, ఒకరికి చీకటి కావాలి. చార్జింగ్ ప్లగ్గులు ఒకటో రెండో ఉంటాయి, ఫ్యాను స్పీడు మీద రోజూ పంచాయితీ. కానీ ఇద్దరి గదిలో మాట పట్టింపు వస్తే గదంతా అదే. నలుగురిలో అయితే ఇద్దరి మధ్య అలక నడుస్తుంటే మిగతా ఇద్దరు ఊరగాయ సీసా తెరుస్తారు, అంతటితో సగం చల్లబడుతుంది. ముగ్గురి గది ఉంటే మాత్రం జాగ్రత్త. ఇద్దరు ఒకటై ఒకరు మిగిలిపోవడం ముగ్గురి గదుల్లో నేను తరచూ వినే ఫిర్యాదు. మూడో ఎంపికగా కూడా దాన్ని రాయకుండా ఉంటేనే మేలని నా అభిప్రాయం.

నలుగురి గది రాసేటప్పుడు బ్లాకు, అంతస్తు కూడా అడిగే వీలుంటే మధ్య అంతస్తు అడుగు. బాత్రూంల పక్క గది దగ్గరే కదా అని సంబరపడకు. రాత్రంతా తలుపుల చప్పుడు, వానాకాలం గోడకు చెమ్మ. చేరే రోజు పొద్దున్నే వెళ్లు. మంచం ఎంచుకునే హక్కు ముందొచ్చినవాళ్లదే. కిటికీ పక్క మంచం కంటే స్విచ్ బోర్డు పక్క మంచం మూడేళ్లలో ఎక్కువ సుఖపెడుతుంది. అల్మారాకు తాళం పడుతుందో లేదో చూసుకున్నాకే సామాను సర్దు.

నువ్వు ఆలోచించని దారి ఇంకోటుంది. ఇద్దరూ కలిసి నలుగురి గది రాయడం. అప్పుడు డబ్బు అడ్డురాదు, లతను విడిచిపెట్టినట్టూ ఉండదు, ఆమె ముచ్చట్లు వినడానికి ఇంకో రెండు జతల చెవులుంటాయి. నాకు ఇది ఫరవాలేదనిపిస్తుంది గానీ పూర్తిగా నమ్మకం లేదు. కొత్తగా వచ్చిన ఆ ఇద్దరికీ మీరు ముందు నుంచీ జంట. నువ్వు మళ్లీ 'లతతో ఉండే అమ్మాయి'గానే పరిచయం అవుతావు. ఇంటర్‌లో నిన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ ముచ్చట్లయితే ఈ దారి పనిచేస్తుంది. నీ పేరు ఎవరికీ తెలియకపోవడమే అయితే పనిచేయదు.

వేరుగా ఉండటమే ఖాయం చేసుకుంటే, ఫారం ఇచ్చే ముందే లతకు చెప్పు. ఫోన్‌లో మెసేజ్ పెట్టకు, కలిసి చెప్పు. డబ్బు మాట ఎత్తకు, ఎత్తితే మళ్లీ మొదటికొస్తుంది. మీ మాటల్లోనే ఇలా అనొచ్చు: 'లతా, పైసల సంగతి పక్కన పెట్టు. మీ నాన్న అడిగిండు, అదే నాకు పెద్ద మాట. నేను ఈసారి వేరే రూముల ఉంట. రెండేండ్లు ఒక్కతాన్నే ఉన్నం, కొత్తోళ్లతోని ఉండుడు నేర్చుకోవాలె నేను. రాత్రి జల్ది పండుకుని పొద్దున లేచి చదువుకుంట. నీతోని నాకు కొట్లాట లేదు, క్లాసుల, మెస్సుల ఎట్లాగూ కలిసే ఉంటం.' ఆమె పాత తప్పుల చిట్టా విప్పకు. రికార్డుల సంగతి ఇప్పుడు ఎత్తితే అది వేరే తగాదా అవుతుంది. ఆమె ఏడుస్తుంది, రెండు మూడు వారాలు ముఖం తిప్పుకుంటుంది. వాళ్లింట్లో 'పిల్లకు పొగరు' అంటారు. అవి వస్తాయి. వాటిని పడగలనా అని ఇప్పుడే చూసుకో. పడలేననిపిస్తే పైన చెప్పిన నలుగురి గది మధ్యేమార్గం ఉండనే ఉంది.

ఇక అమ్మ మాట. హయత్‌నగర్ దారిని కొట్టిపారేయకు, లెక్క వేసి చూడు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. కానీ పొద్దున వేళ హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి మీ కాలేజీకి, అంటే కోఠి వైపు రావాలంటే గంట పైనే. చాలా రోజులు నిలబడే రావాలి. ఎల్బీనగర్ నుంచి మెట్రో ఎక్కితే త్వరగా రావచ్చు, అది ఫ్రీ కాదు. బీఎస్సీకి మధ్యాహ్నం ల్యాబులుంటాయి. సాయంత్రం ఇల్లు చేరేసరికి చీకటి. చిన్నమ్మ ఇద్దరు పిల్లలూ బళ్లో చదువుతున్నారన్నావు. వాళ్ల హోంవర్క్ ఎవరు చూస్తారనేది ఎవరూ అడగరు, నువ్వే చూస్తావు. చిన్నమ్మ చెడ్డదని కాదు, ఇంట్లో ఉన్న చదువుకున్న పిల్లకు ఆ పని తనంతట తానే వచ్చి పడుతుంది. మరి 52 వేలు మిగలవా? మిగులుతాయి. ఈ ఏడు వానలు దెబ్బతీస్తే ఆ మిగులే మీకు దిక్కు కావచ్చు. అందుకే దాన్ని చివరి ఎంపికగా ఉంచుకోమంటాను. దోస్త్ సీటు ఖాయమైనంత మాత్రాన హాస్టల్ గది ఖాయమైనట్టు కాదు, రెండూ వేర్వేరు దరఖాస్తులు. గది రాకపోతే చిన్నమ్మ ఇల్లే గతి.

ర్యాగింగ్ భయానికి అమ్మకు ఇలా చెప్పు. యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి ఏడాది పిల్లలను వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలి, అది కుదరని చోట సీనియర్లు వాళ్ల గదుల వైపు రాకుండా గట్టిగా కనిపెట్టి ఉండాలి. చేరేటప్పుడు నీతో, అమ్మానాన్నలతో అఫిడవిట్ తీసుకుంటారు, హాస్టల్‌కు విడిగా ఇంకోటి. కాగితం మీద ఉన్నదంతా వరండాలో ఉంటుందని నేను హామీ ఇవ్వను. అమ్మను చేరే రోజు వెంట తీసుకెళ్లు. మొదటి ఏడాది పిల్లలు ఎక్కడ ఉంటారు, రాత్రి హాజరు ఎవరు తీసుకుంటారు, వార్డెన్ అక్కడే పడుకుంటుందా అన్న మూడు ప్రశ్నలు ఆమెతోనే అడిగించు. కూతురి నోటి నుంచి విన్న జవాబు కంటే మేడం నోటి నుంచి విన్నదే ఆమెకు నిద్ర పట్టిస్తుంది.

52 వేలు కూడా మోయలేమనిపిస్తే, మీరు బీసీలైతే బీసీ సంక్షేమ శాఖ నడిపే కాలేజీ అమ్మాయిల హాస్టళ్లకు దరఖాస్తు పెట్టు. అక్కడ మెస్ బిల్లు నువ్వు కట్టాల్సిన పని లేదు. కాలేజీకి దగ్గరలో దొరకకపోవచ్చు, గదులూ ఇరుగ్గానే ఉండొచ్చు, రెండు చోట్లా ఒకేసారి పెడితే మాత్రం నష్టం లేదు. కాలేజీ హాస్టల్‌లోనే చేరితే, ప్రభుత్వ వెబ్‌సైటు ఈపాస్‌లో ఉపకార వేతనానికి దరఖాస్తు చేసేటప్పుడు హాస్టల్ విద్యార్థినిగా నమోదు అయ్యావో లేదో చూసుకో. డే స్కాలర్‌కు వచ్చే మెయింటెనెన్స్ మొత్తం వేరు, హాస్టల్‌లో ఉన్నవాళ్లకు వేరు. పల్లెల్లో బీసీ కుటుంబానికి ఆదాయ పరిమితి ఏడాదికి 1.5 లక్షలు, ఆ ఆదాయ సర్టిఫికెట్ మీసేవలో ఇప్పుడే తీసుకోమని బాపుకు చెప్పు. ఆ డబ్బు ఆలస్యంగా వస్తుంది గనుక దాన్ని నమ్ముకుని ఎవరికీ వాయిదాలు చెప్పొద్దు. హాస్టల్ ఫీజు రెండు మూడు విడతల్లో కట్టనిస్తారా అని అడుగు. అడిగినవాళ్లకు ఇచ్చి అడగనివాళ్లకు ఇవ్వని సౌకర్యం అది. కాషన్ డిపాజిట్ రసీదు మాత్రం పారేయకు, మూడేళ్ల తర్వాత అది లేకుండా తిరిగి రాబట్టుకోవడం పెద్ద తలనొప్పి.

చిన్నమ్మతో మాట్లాడేటప్పుడు 'మీ ఇంట్లో ఉండను' అని మొదలుపెట్టకు. హాస్టల్ ఫారంలో లోకల్ గార్డియన్ ఫొటో, సంతకం అడుగుతారు. జ్వరమొచ్చినా, దసరాకు నాలుగు రోజుల ముందే ఊరెళ్లాలన్నా ఆ మనిషి వచ్చి సంతకం పెట్టాలి. ఆ పేరు చిన్నమ్మదే రాయి. నెలకో ఆదివారం వాళ్లింటికి భోజనానికి వస్తానని ఇప్పుడే చెప్పు. ఆమె పాస్‌పోర్టు ఫొటోలు రెండు, ఆధార్ జిరాక్సు ఒకటి ఈ వారంలోనే తెచ్చుకో.